రారాజు నవ్వు, ఊరుమ్మడి వైఫై

జూన్ 3, మంగళవారం

పూజ్యురాలైన మేనత్తగారి పాదపద్మాలకు,

ముందుగా క్షమాపణలు. ఈ ఉత్తరం వల్ల నీ విలువైన కాలం వృథా అవుతున్నందుకు, నా చేతిరాత కోడి కెలికినట్టున్నందుకు, డిగ్రీ చదివి కూడా నీ కట్టుడు పళ్ళ పనిలోకే వచ్చినందుకు, వచ్చి కూడా నీకంటే ముందు భోజనానికి కూర్చున్నందుకు, నేను పుట్టిన రోజున నువ్వు ఆస్పత్రి వరండాలో కాళ్ళు పీకేలా నిలబడినందుకు, తీరా అంతసేపు నిలబడితే పుట్టింది నేనైనందుకు, చేతులు జోడించి, తల వంచి, మోకాళ్ళు కొద్దిగా వంచి క్షమాపణ కోరుతున్నాను. వీటిలో ఒక్కదానికీ నాకు రవ్వంత బాధ లేదని నీకు తెలుసు. అయినా మర్యాద మర్యాదే.

ఇక విషయం. డాక్టరమ్మ అక్కడి క్లినిక్కు కాక ఈ ఊళ్ళో తెరిచిన కొత్త క్లినిక్కు బాగానే నడుస్తోంది. నా గది తాళాలు చేసే ఆయన కొట్టు పైన. పొద్దున్నుంచి కింద ఆకురాయి గీకుడు, పైన నేను. ఇల్లు వదిలి వచ్చినట్టే లేదు. అక్కడ నువ్వు పళ్ళు అరగదీస్తావు, ఇక్కడ ఆయన తాళంచెవులు అరగదీస్తాడు.

పని నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. పేషెంటు నోట్లో స్కానరు తిప్పుతాను, రంగుల్లో దవడ బొమ్మ తయారవుతుంది, అది మన క్లౌడు ఫోల్డరులో పడి నీ ల్యాబు కంప్యూటరులో తేలుతుంది. పేషెంటు కరిచిన మైనం ముక్క మాత్రం బస్సు పార్సిల్లో, ఇదిగో ఈ అచ్చుల పెట్టెలో వస్తుంది. ఫోన్ చేస్తే నీ మోటారు హోరులో నేను అరవాలి, నా అరుపులు ఇక్కడ పేషెంట్లు వినాలి. అందుకని పని మాటలన్నీ పెట్టెలో పెట్టమన్నావు, పెడుతున్నాను. మైనం అంటుకుంటే నా తప్పు కాదు.

మీ వీధి తవ్వి నెట్ వైరు తెంపేశారని నాన్న చెప్పాడు. నువ్వు లాప్‌టాప్ చంకన పెట్టుకుని బస్టాండు హాలుకి బయల్దేరతావని నాకు తెలుసు. అందుకే ఈ ఉపన్యాసం. ఊరుమ్మడి వైఫై అంటే బ్యాంకులో గొలుసు కట్టి పెట్టిన పెన్ను లాంటిది. ఎవరైనా పట్టుకోవచ్చు, ఎవరు పెట్టారో మాత్రం ఎవరికీ తెలియదు. ముందు కౌంటరులో మనిషిని అడిగి అసలు వైఫై పేరేమిటో కనుక్కో. అదే పేరుతో ఇంకొకటి కనిపిస్తే దాని జోలికి పోకు. ఏ పేజీ అడిగినా మన ఫోల్డరు పాస్‌వర్డు ఇవ్వకు. హాల్లో ఉన్నంతసేపూ, ఫైళ్ళు వాటంతటవే వచ్చిపోయే ఆ సింక్ ఆపేయి. మరీ అవసరమైతే నీ ఫోన్‌లోని నెట్‌నే లాప్‌టాప్‌కి కలుపుకో. ఇంకా భయంగా ఉంటే వీపీఎన్ అని ఒకటి పెట్టాను, నీలం గుర్తు, నొక్కితే మన ఫైళ్ళు సొరంగంలోంచి వెళ్తాయి. పాస్‌వర్డు మీద రెండో తాళం కూడా ఉంది. కొత్త చోటు నుంచి ఎవరైనా లోపలికి రాబోతే నీ ఫోన్‌కి అంకెలు వస్తాయి. ఆ అంకెలు దేవుడడిగినా చెప్పకు.

ఇంకొక్క మాట. పేషెంటు పేరు ఎక్కడా రాయకూడదు, నోరు చూసి మనమే పేరు పెట్టాలి అన్నది నీ ల్యాబు మొదటి సూత్రం. ఆ లెక్కన ఫోల్డరులో గుర్రం ఉంది, పెంకుటిల్లు ఉంది, ఆవలింత ఉంది. ఎవరు చూసినా పశువుల సంతనుకుంటారు. 'రారాజు నవ్వు' ఒక్కటే ప్రమాదం. మన ఊళ్ళో ఏ గోడ చూసినా రారాజు వేషంలో ఆ నాటకాలాయన పోస్టరే, ఆ నవ్వే. ఆ ముందు పళ్ళు కట్టుడువని తెలిస్తే ఆయన పరువేం కాను? పేరు మార్చమంటే వినవు. నీ చేత్తో అంత బాగా వచ్చిన పని ఇంకోటి లేదని, దానికి వేరే పేరు నోరు రాదని అంటావు.

స్కానరు చెయ్యి బాగా తిరిగింది. నేర్చుకున్నది నీ నోటి మీదే కదా. నువ్వు నోరు తెరిచి, తిట్టడానికి వీల్లేకుండా కూర్చున్న ఆ కాసేపు నా జీవితంలో బంగారు ఘడియ. రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు మైనం చెక్కే కత్తి పిడి పళ్ళ మధ్య పెట్టుకునే అలవాటు మానుకో. దారిదోపిడీకి బయల్దేరినట్టుంటావు.

ఇట్లు,
నీ మేనల్లుడు, దవడల శాఖ మంత్రి

*

జూన్ 6

మంత్రిగారికి మేనత్త దీవెనలు.

నీ ఉత్తరంలో పని మాట వెతుక్కోవడానికి కళ్ళజోడు తుడుచుకోవలసి వచ్చింది. గుర్రం మైనం అందింది, అంచు కరిగి ఉంది. ఈసారి తడిగుడ్డ చుట్టి పంపు. పెంకుటిల్లు రంగు నువ్వు రాసినదానికంటే ఒక ఛాయ ముదురు ఉండాలి. ఆయన బీడీ తాగుతాడో లేదో అడిగావా?

కత్తి పళ్ళ మధ్య పెట్టుకోక చెవిలో పెట్టుకోమంటావా? ఒక చేతిలో అచ్చు, ఒక చేతిలో దీపం. దేవుడు మూడో చెయ్యి ఇవ్వలేదు, మేనల్లుణ్ణిచ్చాడు, వాణ్ణి పక్క ఊరికి పంపించాను.

బస్టాండు హాలుకి వెళ్ళాను. నువ్వు చెప్పినట్టే కౌంటరులో అడిగాను. ఆయన తల ఎత్తకుండా, బోర్డు మీద ఉంది చూసుకోమ్మా అన్నాడు. చూస్తే అదే పేరు రెండుసార్లు వచ్చింది. ఒకటి ఏమీ అడక్కుండా లోపలికి రమ్మంది. రెండోది మర్యాదగా పేరు, ఈమెయిలు, పాస్‌వర్డు అన్నీ అడిగి, సరిచూసుకుని మరీ పంపింది. ఎవరు ఏమిటని అడక్కుండా తలుపు తీసేవాణ్ణి నమ్మకూడదు కదా. అడిగినదాన్నే నమ్మాను. పని చకచకా అయింది.

ఆ అంకెల తాళం తీసేయించాను, కంప్యూటర్లు బాగుచేసే ఆయన వచ్చినప్పుడు. చేతినిండా మైనం ఉన్నప్పుడే ఫోన్ మోగుతుంది, ఎలా చూడమంటావు?

సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. కొత్త లాప్‌టాప్ కొన్నావట. 'కొత్త పరికరం మీ ఖాతాలోకి వచ్చింది' అని నాకు మెయిలు వచ్చింది. మేనత్తకు ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది? పెద్దవాడివైపోయావు. సంతోషమే.

మేనత్త

*

జూన్ 7, శనివారం

అత్తా,

క్షమాపణల అధ్యాయం ఈసారి లేదు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను, పెట్టెలో దాచుకో.

నేను ఏ లాప్‌టాపూ కొనలేదు.

నిన్న మధ్యాహ్నం పెట్టె వచ్చింది. నీ ఉత్తరం చదివి, మొదటిసారి నవ్వు రాలేదు. నీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు, మోటారు నడుస్తోంది కాబోలు. క్లినిక్కు నెట్ కూడా వాడకుండా నా ఫోన్ నెట్‌తో మన ఖాతా తెరిచాను. ఆ పరికరం అప్పటికింకా లోపలే ఉంది. హాల్లో నిన్ను మర్యాదగా అడిగినది బస్టాండు వైఫై కాదు. అదే పేరు పెట్టుకుని, పక్క కుర్చీలోనో పక్క గదిలోనో కూర్చున్న ఎవడిదో. అసలు వైఫైకి మన ఫోల్డరు పాస్‌వర్డుతో పనేముంది? సినిమా హాలు వాడు టికెట్ అడుగుతాడు గాని, ఇంటి బీరువా తాళం అడుగుతాడా?

సాయంత్రానికి అన్నీ ముగించాను. పాస్‌వర్డు మార్చాను. నీదీ నాదీ వాడిదీ, అన్ని పరికరాలనూ బయటికి నెట్టి, మనల్ని మాత్రం తిరిగి రానిచ్చాను. రెండో తాళం మళ్ళీ పెట్టాను, మైనం చేతులతో అయినా ఎత్తాల్సిందే.

వాడు ఏం చూశాడన్నది అడిగావు. ఎవరు ఏ ఫైలు తెరిచారో ఖాతాలో రాసి ఉంటుంది. గుర్రాన్ని, పెంకుటింటిని, ఆవలింతను వాడు పట్టించుకోలేదు, ఎందుకు పట్టించుకుంటాడు? 'రారాజు నవ్వు' ఫోల్డరులోంచి మాత్రం ఒక ఫైలు దించుకున్నాడు.

నిన్ను అనను. తప్పుడు తలుపు ఎంచుకున్నావు గాని, ఎంచుకున్న కారణం నిజాయితీగల కారణం. నువ్వు భోజనం మానకు.

మేనల్లుడు

*

జూన్ 11

నాయనా,

ఫోన్ పెట్టేశాక చాలాసేపు కత్తి పట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి డాక్టరమ్మకు చెప్పేశాను. చెప్పొద్దని నువ్వు అనలేదు, అన్నా వినేదాన్ని కాదు. ఒకరి నోట్లో ఏముందో మన చేతిలో పెట్టారంటే అది మన దగ్గరే ఉంటుందని పెట్టారు. నేను పాస్‌వర్డు చేజేతులా ఎవడికో ఇచ్చానని చెప్పాను. ఆవిడ అరవలేదు, అరిస్తే బావుండేది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి ఒక్కటే అంది.

"మీ పనికి వంక పెట్టను. కానీ నా పేషెంటు నోరు ఒక్కటి బయటికొచ్చినా ఇక మీ ల్యాబుకి పని పంపలేను. మీరే నా చోట ఉంటే పంపుతారా?"

పంపనన్నాను. అబద్ధం ఎలా ఆడను? మనకొచ్చే పనిలో ముప్పాతిక ఆవిడదే. ఆవిడ ఆపితే మోటారు కూడా ఆపేయడమే. నీ ఉద్యోగం కూడా ఆవిడ క్లినిక్కులోనే అని అప్పుడు గుర్తొచ్చింది.

నువ్వు ఫోన్లో సింక్ ఆపమన్నావు కదా, ఆపేశాను. అప్పట్నుంచి ముట్టుకోలేదు. నువ్వు గుర్రానికి రెండోసారి స్కాన్ తీశావట, అది నా దగ్గరికి రానే లేదు. పాత బొమ్మ చూసి మూడు పళ్ళ వరస చేసి పంపాను. పెట్టుకుంటే నోరు మూతపడలేదట. మనిషి నోరు తెరుచుకునే ఇంటికెళ్ళాడట. డాక్టరమ్మ రెండోసారి కళ్ళజోడు తీసింది.

ఆపమన్నది ఎక్కడ ఆపమన్నావో, మళ్ళీ ఎప్పుడు పెట్టమన్నావో రాస్తే కదా తెలిసేది. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు, ఉపన్యాసాలన్నీ ఇప్పుడెందుకు. 'రారాజు నవ్వు' పేరు మార్చేశాను. ఏం పెట్టానో నీకు కూడా చెప్పను.

అత్త

*

జూన్ 13, శుక్రవారం

అత్తా,

నేరం నాదే. 'బయట కూర్చున్నప్పుడు ఆపు, ఇంటికొచ్చాక పెట్టు' అని ఫోన్లో కూడా అనాల్సింది, 'ఆపు' అని ఊరుకున్నాను. గుర్రం ఇవాళ వచ్చాడు. మళ్ళీ కొలతలు తీశాను. కోపంగా ఉన్నాడు గాని, నోరు సరిగ్గా మూతపడక తిట్టలేకపోయాడు. ఆయన పరిస్థితి చూస్తే నీ మీద స్కానరు నేర్చుకున్న రోజులు గుర్తొచ్చాయి.

ఇప్పుడు చేయాల్సింది. వైరు అతుకు వేశారని నాన్న అన్నాడు, కాబట్టి ఇంట్లో సింక్ పెట్టు. ఆకుపచ్చ టిక్కు గుర్తు పడేదాకా ఆగు, పడ్డాకే చెక్కు. ఇక బస్టాండుకి వెళ్ళే పనిలేదు, ఒకవేళ వెళ్తే ఫోన్ నెట్ వాడు. ఇంకోటి, నీ లాప్‌టాప్ ఒకసారి కలిసిన వైఫైని గుర్తుపెట్టుకుని, ఈసారి నీకు చెప్పకుండానే కలిసిపోతుంది. పాత స్నేహితుడు వీధిలో ఎదురైనట్టు. ఆ బస్టాండు పేరు లిస్టులోంచి తీసేయి. వైఫై గుర్తు మీద నొక్కితే పేర్లు వస్తాయి, అక్కడ 'మర్చిపో' అని ఉంటుంది. నొక్కు. మనుషులకూ ఆ మీట ఉంటే బావుండును.

డాక్టరమ్మకు చెప్పడం గురించి నేనేమీ అనను. నువ్వు చెప్తావని నాకు ముందే తెలుసు. నిన్ను పెళ్ళివారి దగ్గరికి తీసుకెళ్తే, అడక్కుండానే పెళ్ళికొడుకు వయసు చెప్పేసి వచ్చావని నాన్న ఇప్పటికీ అంటాడు. నీకు అబద్ధం రాదు. నోట్లోంచి బయటికి రాకముందే నీ ముఖం మీదికి వచ్చేస్తుంది.

వాడు దించుకున్న ఆ బొమ్మ బయటికి వచ్చినప్పుడు చూసుకుందాం. వస్తే డాక్టరమ్మ నిన్నే పిలుస్తుంది. పిలిస్తే వెళ్ళు. చూడమన్నది చూడు, కనిపించింది కనిపించినట్టు చెప్పు. అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

మేనల్లుడు

*

జూన్ 20

మంత్రిగారికి,

వచ్చింది. ఆదివారం పొద్దునకల్లా ఊళ్ళో అందరి ఫోన్లలోనూ ఉంది. 'రారాజు అసలు పళ్ళు ఇవీ' అని కింద రాసి, రంగుల్లో దవడ బొమ్మ. పైది, కిందిది. మీ నాన్నకు కూడా వచ్చింది, ఆయన నాకు చూపించకుండా జేబులో పెట్టుకుని రోజంతా తేలుకుట్టిన దొంగలా తిరిగాడు.

డాక్టరమ్మ పిలిచింది. వెళ్ళేటప్పుడు మోటారు వైరు పీకి, కత్తులు తుడిచి డబ్బాలో పెట్టి వెళ్ళాను. తిరిగొస్తే వాటితో పని ఉంటుందో లేదో అని.

గదిలో రారాజు గారు కూడా ఉన్నారు. వేషం లేకపోతే మామూలు మనిషే. ఆవిడ పెద్ద తెర మీద బొమ్మ వేసి నన్ను చూడమంది. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికెళ్ళి చూశాను. చూసి, బయటికి వినపడేలా ఊపిరి వదిలాను.

"ఇది ఈయన నోరు కాదండీ. నేను ఈ నోటికి పని చేయలేదు. నా ల్యాబులో ఈ నోరు నేనెప్పుడూ చూడలేదు."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. తర్వాత క్లినిక్కు రికార్డులో ఉన్న అసలు బొమ్మ పక్కన పెట్టి పోల్చింది. దానికీ దీనికీ పోలిక లేదు. రారాజు గారు నవ్వడం మొదలుపెట్టారు, ఆపలేదు. ఆ రాత్రి నాటకంలో ముందుకొచ్చి, దీపాల కింద పళ్ళన్నీ కనపడేలా నవ్వారట. జనం ఫోన్లలో బొమ్మా, ఎదురుగా ఆ నవ్వూ చూసి ఈలలు వేశారట. బొమ్మ పంపినవాడికి నవ్వులపాలు కావడమే మిగిలింది. ఇప్పుడిక ఎవడు నిజం చెప్పినా నమ్మరు.

పని మనదే. ఇవాళే ఆరు అచ్చులు వచ్చాయి.

కానీ నాయనా, ఆ బొమ్మ నన్ను వదలడం లేదు. ఎవరిదో పాపం. వెనక దంతాలు అరిగి చదునైపోయాయి, రాత్రిళ్ళు పళ్ళు నూరే మనిషి. ఎడమవైపే నములుతుంది, కుడివైపు ఏదో సలుపుతూ ఉండి ఉంటుంది, ఎవరికీ చెప్పదు. పై ముందు పన్ను అంచున చిన్న గాడి. ఏళ్ళ తరబడి ఏదో పనిముట్టు పిడి అక్కడ కరిచిపెట్టుకున్న గుర్తు. దర్జీయో, చెప్పులు కుట్టే మనిషో. ఆ పన్ను ఇంకో ఏడాదికి విరుగుతుంది. మొండి మనిషని దవడ చూస్తేనే తెలుస్తోంది. అయినా ఇంట్లో ఒక్కరైనా, నోరు తెరువు చూస్తాను అనలేదా? నోళ్ళు బాగుచేసే ఊళ్ళో ఉండి ఇంత గతి పట్టిన నోరు నేను చూడలేదు.

ఆ మనిషి ఎవరో తెలిస్తే చెప్పు. రాత్రిపూట పెట్టుకునే తొడుగు నా చేత్తో చేసిస్తాను.

అత్త

*

జూన్ 21, శనివారం

పూజ్యురాలైన మేనత్తకు,

మొదటి ఉత్తరంలో చాలా వాటికి క్షమాపణ కోరాను. వాటన్నిటినీ వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు ఒక్కదానికి నిజంగా కావాలి, అంతా అక్కడే ఖర్చు చేసుకుంటే ఇక్కడ చాలదు.

నీ పెట్టె వచ్చిన ఆ రోజు మధ్యాహ్నం ఖాతా తెరిచి చూసేసరికి, వాడు రారాజు ఫోల్డరు తెరిచి చూశాడు గాని, ఫైలు ఇంకా దించుకోలేదు. తలుపు అప్పుడే మూసేయాలి. నేనే నీకు పేజీలకు పేజీలు రాసిన సూత్రం అది. కానీ ఆ పేరు వాడు చదివేశాడు. తలుపు మూస్తే, రారాజుకి కట్టుడు పళ్ళు అని వాడు వట్టి నోటితో చెప్తాడు, ఊరు నమ్ముతుంది. ఎందుకంటే అది నిజం. వాడి చేతిలో ఒక తప్పుడు దవడ ఉంటే వాడే దాన్ని అందరికీ చూపిస్తాడు, రారాజు ఒక్కసారి నవ్వితే చాలు, తేలిపోతుంది అనిపించింది. అసలు ఫైలు తీసేసి, అదే పేరుతో ఇంకొకటి పెట్టి, గదిలో కూర్చుని కింద ఆకురాయి చప్పుడు వింటూ ఎదురుచూశాను. వాడు దించుకున్నాడు. అప్పుడు తలుపు మూశాను. మధ్యాహ్నానికీ సాయంత్రానికీ మధ్య ఏం చేశావని నువ్వు అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి, అందుకే ఫోన్ త్వరగా పెట్టేశాను.

నీకు చెప్పకపోవడానికి కారణం నీకు తెలుసు. చెప్పి ఉంటే డాక్టరమ్మ ఎదుట నీ ముఖం మనల్ని పట్టిచ్చేది. ఇన్ని రోజులు నీ కత్తి డబ్బాలోకి పోతుందని భయపడుతూ ఉన్నావు, అది చూస్తూ ఊరుకున్నాను. ఇప్పుడు వెళ్ళి ఆవిడకు చెప్పేస్తావని కూడా తెలుసు. చెప్పు. ఒక నోరు బయటికి వచ్చిన మాట నిజమే గాని, అది ఆవిడ పేషెంటుది కాదని కూడా చెప్పు.

ఏ దవడ పెట్టాలన్నది ఒక్కటే చిక్కు. పేషెంటు నోరు ఎవరిదీ పెట్టకూడదు, అది నువ్వు నేర్పిన మొదటి పాఠం. నాది పెడదామంటే ఆ పూట స్కానరు క్లినిక్కులో ఉంది, నేను గదిలో ఉన్నాను. నా దగ్గర, ఏ పేషెంటుదీ కాని బొమ్మ ఒకే ఒక్కటి ఉంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మూడోసారి చదవలేకపోయాను. నోరు తెరువు చూస్తాను అన్న మాట ఇంట్లో ఎవరూ అనలేదని రాశావు. నేను తెరిపించాను, చూడలేదు. నవ్వుకుంటూ స్కానరు తిప్పాను, అంతే. వచ్చే శనివారం వస్తున్నాను, కుడివైపు సలుపు ఎన్నాళ్ళుగా ఉందో అప్పుడు చెప్పు. కొలతల కోసం ఎక్కడా వెతుక్కోకు. తొడుగు మాటిచ్చావు కదా, చేయడం మొదలుపెట్టు.

ఆ గాడి కత్తి పిడిది. ఆ దవడ నీది, అత్తా.

మేనల్లుడు